ఎండగీతల పెట్టె

నన్ను దొంగ అన్న మనిషే నాకు సూర్యుణ్ని చూడటం నేర్పాడు. అతని మీద నా పగ మామూలు పగల్లా చల్లారకపోవడానికి కారణం అదేనేమో.

నేను చెబుతున్నది మా ఊళ్లు ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్నప్పటి సంగతి. ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. నాయన నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నాకు చదువు బాగా అబ్బుతోందని నాయన నన్ను ఆదోని హైస్కూలుకు పంపాడు. నాయన నేసిన బట్టలు కొనే వ్యాపారి ఇంటి వెనక, పత్తి బోరాలు వేసే కొట్టంలో ఒక మూల నాకు చోటిచ్చారు. ఇంటి నుంచి వచ్చే జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ తింటూ చదువుకున్నాను.

బడిలో సైన్సు చెప్పే అయ్యవారు మిగతావాళ్లలా పుస్తకం చూసి చదివేసి పోయే రకం కాదు. వెలుతురు పాఠం వచ్చిన రోజు గది కిటికీలన్నిటికీ కంబళ్లు కట్టించాడు. ఒక తలుపు సందులోంచి అద్దంతో ఎండను లోపలికి మళ్లించి, ఆ ఎండకు బీరువాలోని ప్రిజం అడ్డం పెట్టాడు. గోడ మీద రంగులు పడ్డాయి. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వి, ఎండ వచ్చే సందును ఇంకా సన్నం చేసి, ఒక్కొక్కరినీ పిలిచి ప్రిజం దగ్గర కన్ను పెట్టి చూడమన్నాడు. అందరూ రంగులే చూశారు. నా వంతు వచ్చాక నేను కన్ను తీయలేదు.

"పసుపుపచ్చ కాడ నల్లగీత ఉంది సార్," అన్నాను.

"మళ్లీ చూడు."

"ఉంది సార్. ఆకుపచ్చలో గూడా ఉండాయి. సన్నవి."

ఆయన మిగతా పిల్లల్ని పంపేసి నన్ను ఉండమన్నాడు. స్పిరిట్ దీపం వెలిగించి మంటలో చిటికెడు ఉప్పు చల్లాడు. సూర్యుడిలో నల్లగీత ఉన్న చోటే ఈ మంటలో పసుపుపచ్చటి గీత మెరిసింది. ఉప్పులో ఒక లోహం ఉంటుందనీ, అదే లోహం సూర్యుడి చుట్టూ ఆవిరిగా ఉండి ఆ ఒక్క వెలుతురును మింగేస్తుందనీ చెప్పాడు. "ఎవరూ అక్కడికి పోలేదు. పోకుండానే అక్కడేముందో చెప్పగలుగుతున్నాం," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. గుర్తుండటం నాకిష్టం లేదు.

అప్పటి నుంచి నాకు అదే ధ్యాస. సొంతంగా ఒక పెట్టె చేసుకోవాలనుకున్నాను. ఎట్లా చేయాలో అయ్యవారే చెప్పాడు. నాయన పాత మగ్గం పలక ఒకటి ఇస్తే దాన్ని కోసి పొడుగాటి పెట్టె చేశాను. లోపలంతా దీపపు మసి పూశాను. ఒక చివర గడ్డం గీసుకునే బ్లేడు ముక్కలు రెండు ఎదురెదురుగా పెట్టి సన్న సందు చేశాను. తాత కళ్లజోడు అద్దం ఒకటి వాడుకున్నాను. ఇక కావలసింది ప్రిజం. అది నాయన తెచ్చిచ్చాడు. ఆదోనిలో పాత సామాన్లమ్మే ఒక సాయిబు దగ్గర, ఏదో నవాబుల కాలపు ఇంట్లోంచి వచ్చిన దీపాల జుమ్మరు విరిగి పడి ఉందట. దానికి వేలాడే మూడు పలకల గాజుకడ్డీని, తన చేత్తో నేసిన తువ్వాలు ఇచ్చి తీసుకున్నాడు. వేలాడదీయడానికి దాని కొసన ఒక బెజ్జం ఉండేది. అందులోంచి వెలుతురు చిమ్ముతోందని ఎర్ర లక్క కరిగించి మూసేశాను.

పెట్టె మూతకు మరమేకులు బిగించి బడికి తీసుకుపోయాను. అయ్యవారు ఎంతసేపు చూశాడో చెప్పలేను. "ఆ రోజు మనం గదిలో చూసినదాని కన్నా ఇందులో బాగా విడిపోతున్నాయిరా," అని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ గాజు ఎక్కడిదని ఆయన అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు. రోజూ బడి విడిచాక ప్రయోగశాలలోనే ఉండి సున్నం కొట్టిన గోడ మీది ఎండను చూస్తూ గీతలు లెక్కపెట్టుకునేవాణ్ని. ఒక సాయంత్రం, ఇంకా చీకటి పడకముందే పైకి వచ్చిన చంద్రుడి వైపు పెట్టె తిప్పితే అందులోనూ అవే గీతలు కనిపించాయి. చంద్రుడిది అరువు వెలుగని పుస్తకంలో చదివిందే. కళ్లతో చూసిన రోజు మాత్రం నాకు రొట్టె సయించలేదు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఇన్‌స్పెక్టరు వస్తాడని బడిలో సామాన్లు సరిచూసుకుంటుంటే బీరువాలో ప్రిజం లేదు. ఆ గదికి బాధ్యుడు అయ్యవారే. ఆ గదిలో ఒంటరిగా తిరిగే పిల్లవాణ్ని నేనే.

హెడ్మాస్టరు గదికి పిలిచారు. బల్ల మీద నా పెట్టె ఉంది. అయ్యవారు కిటికీలోంచి బయటకు చూస్తూ, "ఇందులో ఉన్నది మనదే సార్," అన్నాడు.

"నాది సార్! మా నాయన తెచ్చిచ్చినాడు. మూత తీసి సూడండి, దానికి బెజ్జం ఉంది, లక్కతో మూసినా," అని అరిచాను.

హెడ్మాస్టరుకు ఇన్‌స్పెక్టరు తొందర. "అయ్యవారి మాట చాలు," అన్నాడు. ఎవరూ మూత తీయలేదు. ఆ పూటే నా పేరు కొట్టేశారు.

మరునాడు నాయన ఏదో పత్తిబండి ఎక్కి ఆదోనికి వచ్చాడు. ముందు సాయిబు అంగడికి పోయాడు. సాయిబు దుకాణం ఎత్తేసి నిజాం రాజ్యంలోకి వెళ్లిపోయాడని తెలిసింది. అక్కడి నుంచి బడికి వచ్చి వరండాలో అయ్యవారిని నిలబెట్టి చెప్పాడు.

"సామీ, ఆ గాజు నేనే తెచ్చిచ్చినా. తువ్వాలిచ్చి తీసుకొన్నా. మావోడు అట్లాంటోడు కాదు సామీ."

"తువ్వాలిస్తే ప్రిజం ఇస్తారా ఎవరైనా?" అన్నాడు అయ్యవారు.

నాయన వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. తలగుడ్డ జారి వరండా దుమ్ములో పడింది. అయ్యవారు కాళ్లు వెనక్కి లాక్కుని, "లేవయ్యా, బడిలో ఇట్లాంటివి చేయొద్దు," అని లోపలికి పోయాడు. నాయన తలగుడ్డ దులుపుకుని చంకలో పెట్టుకున్నాడు. ఎమ్మిగనూరు చేరేదాకా దాన్ని తలకు చుట్టలేదు. బండిలో నేను ఆయన బోడి తల చూస్తూ కూర్చున్నాను. నా పగ పుట్టింది ఆ బండిలోనే.

తర్వాత నేనూ మగ్గం గుంటలో కూర్చున్నాను. వీధిలో కొందరు నన్ను చూసి గాజుదొంగ అని నవ్వేవాళ్లు. నేను నేశాను. నేస్తూ తిట్టుకున్నాను. ఆదోని మనుషులు ఎవరు వచ్చినా ఏదో వంకతో ఆ అయ్యవారి కబురు అడిగేవాణ్ని. చెడు కబురు ఒక్కటీ రాలేదు. ఆయన దగ్గర ఎండలో గీతలు చూపించే పెట్టె ఉందనీ, వేరే ఊళ్ల అయ్యవార్లు వచ్చి చూసి పోతున్నారనీ, ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడనీ చెప్పేవాళ్లు. అన్నం ముందు కూర్చుని ఆ మాటలు తలచుకుంటే ముద్ద దిగేది కాదు.

నాకు మళ్లీ గీతలు చూడాలనిపించింది. కానీ గాజు ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ప్రిజం లేకుండా, సన్న తీగలను దగ్గర దగ్గరగా ఒకే ఎడంతో వరసగా పరిచి, వాటి సందుల్లోంచి వెలుతురు పంపినా రంగులు విడిపోతాయని ఆ అయ్యవారే ఒకసారి చెప్పి ఉన్నాడు. తీగలు వరసగా పరచడం మా ఇంట్లో ఎవరికి చేతకాదు? జిన్నింగు మిల్లు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో చుట్ట, కాలిపోయింది ఒకటి మెకానిక్కును అడిగి తెచ్చుకుని దానిలోని రాగితీగ విప్పాను. అది వెంట్రుక లాంటిది. రెండు సన్న మరమేకులను ఎదురెదురుగా చట్రంలో బిగించి, వాటి మరల్లో తీగ కూర్చోబెడుతూ చుట్టాను. తెగింది. మళ్లీ చుట్టాను. మళ్లీ తెగింది. చుట్టినప్పుడల్లా ఆయన్ను తిట్టడం ఒక జపంలా అలవాటైపోయింది. చివరికి నిలిచింది. పాత దుర్భిణి ఒకటి దాని వెనక పెట్టి చూస్తే రంగుల పట్టీలు అటొకటి ఇటొకటి కనిపించాయి. పసుపుపచ్చలో నల్లగీత కనబడింది, ఇంకొకటి రెండు కనబడీ కనబడనట్లు. నా పాత పెట్టెలో కనిపించినవాటిలో అవి ఏ మూలకూ రావు. ఆ సంగతి ఒప్పుకోవడం నాకు మరీ మంటగా ఉండేది. మంచిదంతా ఆయన దగ్గరే ఉండిపోయింది.

అయినా ఆ తీగల చట్రంతో ఊళ్లో నాకొక పేరు వచ్చింది. సాయంత్రాలు పత్రికలు చదవడానికి ఊరి చదువు గదికి వచ్చే కుర్రాళ్లు మా ఇంటికి వచ్చి దానిలో చూసి పోయేవాళ్లు.

అన్నేళ్లూ ఒక్క సందేహం నన్ను పీకుతూ ఉండేది. ఆయన పొరపాటు పడ్డాడేమో. బీరువాలో గాజు లేదు, నా పెట్టెలో ఉంది. ఎవరైనా అట్లాగే అనుకుంటారేమో. ఈ సందేహం వచ్చిన రోజుల్లో నా కోపానికి కాళ్లు చేతులు ఆడేవి కావు.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో, నూలు దొరక్క మగ్గాలు సగం ఆగిపోయి ఉన్నప్పుడు, ఆ బడిలో బంట్రోతుగా చేసి మానుకున్న ముసలాయన చీరలకని మా ఇంటికి వచ్చాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు ఆ గాజు పిల్లోడివి గదూ?"

"అవును, గాజు దొంగను."

"దొంగ యాడిదప్పా! అది సిక్కింది గదా! ఆ ఎండాకాలం సెలవుల్లోనే సిక్కింది. బొమ్మల లాంతరు పెట్టె అడుగున గుడ్డలో సుట్టి ఉన్నింది. నేనే తీసి అయ్యవారి సేతికిచ్చినా."

చీర మడత పక్కన పెట్టేశాను. "ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? ఊరకే సూస్తా నిలబన్నాడు. మళ్లా బీరువాలో పెట్టి తాళమేసినాడు. ఎవరికీ సెప్పొద్దన్నాడు. నాది నౌకరీ గదప్పా, నోరు మూసుకొన్న్యా."

ఆ ముసలాయన మీద నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. నా సందేహం తీరింది. అయ్యవారికి తెలుసు. తెలిసే నా పెట్టె ఉంచుకున్నాడు. ఆ రోజు నేను కడుపు నిండా తిన్నాను.

ఇక నాకు తొందర లేదు. చదువు గది కుర్రాళ్లతో, ఆదోని సైన్సు అయ్యవారిని పిలిపించి సూర్యుడి గురించి చెప్పిస్తే బాగుంటుందన్నాను. పెట్టె కూడా తెమ్మని చెప్పమన్నాను. నా పేరు ఎత్తొద్దన్నాను. వాళ్లకు నా మనసులో ఏముందో తెలియదు. ఆదోని పోయి పిలిచారు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడట.

ఆదివారం పొద్దున, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సు దిగాడు. జుట్టు తెల్లబడింది. పెట్టెను పంచెలో చుట్టి పసిబిడ్డలా పట్టుకున్నాడు. మీసం పెంచిన నన్ను గుర్తుపట్టలేదు. ఖాళీగా ఉన్న ఒక గోదాము కిటికీలకు కంబళ్లు నేనే కట్టాను. అద్దం నేనే నిలబెట్టాను. నాయనను తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాను. ఆయన చూపు మందగించింది. ఎవరు మాట్లాడుతున్నారో ఆయనకు చెప్పలేదు. ఆఖరున చెబుదామనుకున్నాను.

పెట్టెకు కొత్త వార్నిషు వేయించి ఉంది. కింద ఒక పక్క మా మగ్గం పలకకు ఉండిన మేకు గుంట అట్లాగే ఉంది.

ఆయన ఎంత బాగా చెప్పాడంటే, నేతపని తప్ప ఏమీ తెలియని ముసలివాళ్లు కూడా కదలకుండా విన్నారు. నాకూ ఒక క్షణం ఒళ్లు జలదరించింది. ఆ జలదరింపుకు నామీద నాకే కోపం వచ్చింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చూశారు. నాయన చాలాసేపు చూశాడు.

"ఏం కనపడిందయ్యా?" అని అడిగాడు అయ్యవారు.

"పడుగులో పోగులు తెగినట్లుంది సామీ," అన్నాడు నాయన.

అయ్యవారు గట్టిగా నవ్వాడు. "ఎంత బాగా చెప్పినావు పెద్దాయనా! ఇకమీదట నేనూ ఇట్లాగే చెప్తా," అన్నాడు. తన కాళ్లు పట్టుకున్న మనిషిని ఆయన గుర్తుపట్టలేదు. మా నాయన చూసింది తన తువ్వాలుతో కొన్న గాజులోంచి. ఆ మాట కూడా తీసుకుపోతానంటున్నాడు!

నాయన ఆగలేదు. గంజి పట్టించిన పడుగు వీధిలో సాచి ఉందని, ఎండ ముదిరితే పాడవుతుందని వెళ్లిపోయాడు. నా లెక్క తప్పింది. అయినా వెనక్కి తగ్గలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని బల్ల దగ్గరికి పోయాను.

"మూత తీస్తే లోపల గాజు గూడా జనం సూస్తారు సార్."

"వద్దు, సర్దుబాటు చెడిపోతుంది," అని పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఆ పొద్దు గూడా ఎవరూ మూత తీయల్యా సార్."

అప్పుడు నా ముఖంలోకి చూశాడు. చెయ్యి దానంతట అదే పక్కకు జరిగింది. మూత తీసి గాజును పైకెత్తి అందరికీ చూపించాను. కొసన ఎర్ర లక్క. "ఇది మా నాయన తెచ్చిన జుమ్మరు గాజు. దీన్ని బడి గాజని, నేను దొంగనని ఈ అయ్యవారు సెప్పినాడు. బడి గాజు యాడుంది సార్?"

ఆయన లక్క వైపు చూశాడు. నేను మళ్లీ అడిగాను.

"బీరువాలో ఉంది," అన్నాడు.

"ఎప్పటి సంది?"

"ఆ ఏడు సెలవుల నుంచి."

కుర్రాళ్లలో ఒకడు తిట్టాడు. ఇంకొకడు చొక్కా పట్టుకోబోయాడు. నేను అడ్డం పోయాను. వాళ్లు కొడితే అక్కడితో అయిపోతుంది. నాకు అంత తేలికగా అయిపోవడం ఇష్టం లేదు. గాజును పెట్టెలో పెట్టి మూత బిగించాను.

"మీరే మోసుకొచ్చి మా నాయన సేతికియ్యండి," అన్నాను.

ఆయన మోశాడు. గోదాము నుంచి మా వీధి దాకా ఎండలో పెట్టెను రొమ్ముకు ఆనించుకుని నడిచాడు. నేను వెనకాల నడిచాను. మా వెనక సగం ఊరు. ఒక్కో ఇంట్లో మగ్గం చప్పుడు ఆగి, మనుషులు గడప దాకా వచ్చి నిలబడ్డారు. ఒకచోట ఆయన ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "పట్టుకుంటావా కాస్త?" అన్నట్లు చూశాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆ నడకను నేను ఎన్నోసార్లు మనసులో మళ్లీ నడిపించుకున్నాను. ఒక్కసారి కూడా విసుగనిపించలేదు.

నాయన కుంచెతో పడుగు దువ్వుతున్నాడు. చేతులు తుడిపించి అరుగు మీద కూర్చోబెట్టాను. అయ్యవారు ఎదురుగా కింద నిలబడ్డాడు. ఎవరో పెద్దమనిషి నిలబడి ఉన్నాడని తెలిసి నాయన అలవాటుగా లేవబోయాడు. భుజం పట్టి గట్టిగా కూర్చోబెట్టాను.

"కూకో నాయనా. ఆయన సెప్తాడు, నువ్వు కూకోనే విను."

"నీ కొడుకు దొంగ కాదు," అన్నాడు అయ్యవారు. "బడి ప్రిజం తర్వాత దొరికింది. నేను చెప్పలేదు. చెబితే నా ఉద్యోగం పోయేది. ఆ తర్వాత... ఇంత మంచి పెట్టె ఇచ్చేయడానికి మనసు రాలేదు."

నాయన తలవంచుకుని, "నేను కాళ్లు పట్టుకొన్న పొద్దు మీకు తెల్సా సామీ?" అని అడిగాడు.

"తెలియదు. సెలవుల్లో తెలిసింది."

"అట్లయితే ఆ పొద్దుది మీ తప్పు కాదు. తర్వాతదంతా మీదే," అన్నాడు నాయన.

అంతకన్నా ఏదో అంటాడని, కనీసం ఒక్క తిట్టు తిడతాడని చూశాను. నాయన పెట్టె తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి అయ్యవారికిచ్చాడు. ఆయన గటగటా తాగాడు. ఆ చెంబు నీళ్లు నాకు ఈనాటికీ మింగుడు పడవు. ఆ రాత్రి నాయనతో మాట్లాడలేదు.

తిరుగు బస్సు కోసం ఆయన ఒక్కడే నిలబడ్డాడు. పిలిచిన కుర్రాళ్లు ఎవరూ తోడు పోలేదు. నేను దూరంగా ఒక అంగడి నీడలో కూర్చుని బస్సు కదిలేదాకా చూశాను.

అక్కడితో వదిలిపెట్టలేదు. ఆదోనిలో ఆ బడి కమిటీలో ఉన్న పత్తి వ్యాపారులు, ధాన్యం వ్యాపారులు అందరి అంగళ్లకూ పోయాను. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. బీరువా తెరిపించమన్నాను. తెరిచారు, గాజు ఉంది. ఆయనకు ఆ ఏడు హెడ్మాస్టరు పని రావలసింది. రాలేదు. బడి విడిచి తన సొంత ఊరు వెళ్లిపోయాడు. అనంతపురం వైపు ఎక్కడో అన్నారు. కమిటీవాళ్లు నన్ను మళ్లీ వచ్చి పరీక్షకు కట్టమన్నారు. అప్పటికి నాకు ఇద్దరు బిడ్డలు. నవ్వి వచ్చేశాను.

ఈ కథ విన్నవాళ్లు ఆఖరున నా ముఖంలో ఏదో వెతుకుతారు. అంత ముసలాయన్ను ఎండలో నడిపించినందుకు తర్వాత బాధపడ్డానని అంటానేమోనని. బాధపడలేదు. ఆయన చనిపోయిన కబురు వచ్చిన రోజు కూడా మగ్గంలో నాడె ఆపలేదు.

పెట్టె నా దగ్గరే ఉంది. వెనక దుర్భిణి బిగించి, పొద్దు గుంకగానే మెరిసే పెద్ద నక్షత్రాల వైపు తిప్పి చూశాను. మృగవ్యాధుడిలో నీలం దగ్గర ఒక గీత ఉన్నట్లే ఉంటుంది. ఖాయంగా చెప్పలేను. ఎండలో గీతలు మాత్రం అడిగినవాళ్లందరికీ చూపిస్తాను. చూసినవాళ్లు, "ఇదంతా నీకు ఎవరు నేర్పినారప్పా?" అని అడుగుతారు. ఆదోనిలో ఒక అయ్యవారు నేర్పినాడని చెబుతాను. అబద్ధం ఎందుకు? ఆయన పేరేమిటని అడుగుతారు. అది మాత్రం చెప్పను. ఇందులోనూ రాయలేదు.